రాజన్నకు చెప్పిన వెంట్రుకలు

మా చిన్న కొడుకు బిడ్డకు మూడో ఏడు నడుస్తున్నా తల మీద కత్తెర పడలేదు. ఆ పుట్టువెంట్రుకలు వేములవాడ రాజన్నవి. పుట్టినప్పుడు పిల్ల ఏడవలేదు. నర్సు దాన్ని తలకిందులుగా పట్టుకుని వీపు మీద చరుస్తుంటే, నేను తలుపు సందులోంచి చూస్తూ, "రాజన్నా, దీన్ని ఏడిపియ్యి, పుట్టెంట్రుకలు నీకే ఇస్త" అని మొక్కాను. ఏడ్చింది.

మొక్కు తీర్చడం మాత్రం నావల్లే ఆలస్యమైంది. సూరత్ నుంచి ఇంటిల్లిపాదీ పోయి రావాలంటే మాటలా? మూడో ఏడు కాకపోతే ఐదో ఏడు. ఊళ్లో తమ్ముడి మనవరాలి పెళ్లికి ఎలాగూ పోతాం, ఒకే ఖర్చుతో రెండూ అవుతాయన్నాను. అరిగిన సబ్బుముక్కను కొత్త సబ్బుకు అతికించే ఇల్లు మాది.

ఒక మధ్యాహ్నం కొడుకూ కోడలూ కడోదరాలోని బట్టల మిల్లుకు పోయారు. సూరత్‌లోని డిండోలిలో, మా గదిలో నేనూ, చిన్నదీ, పెద్ద కొడుకు కూతురూ ఉన్నాం. పెద్దది కాలేజీలో సమాజశాస్త్రం చదువుతుంది. నోటుబుక్కు తెరిచి నా ఎదుట కూర్చుంది.

"నానమ్మా, ఆ మొక్కంటే నీకేంది?"

"ఏంది అంటే ఏంది? మొక్కు మొక్కే."

"గట్ల కాదు. దేవుడున్నడా లేడా అని అడుగుతలేను. గది అడగొద్దన్నడు మా సారు. మొక్కినోళ్లు దాన్నేమనుకుంటరో వాళ్ల నోటితోనే వినాల్నట."

"మీ సారుకు ఇంట్ల పని లేనట్టుంది. గా బియ్యం ఏరు."

అంతలోనే బయట నల్లా దగ్గర దబ్బుమని చప్పుడైంది. చిన్నది జారిపడి గట్టు అంచుకు తల కొట్టుకుంది. ఎత్తుకునేసరికి నా అరచెయ్యి ఎర్రగా తడిసింది. పిల్ల ఏడవలేదు. కళ్లు తెరిచి నన్నే చూస్తోంది, అంతే.

పెద్దదీ నేనూ పిల్లను ఆటోలో క్లినిక్‌కు తీసుకుపోయాం. వాయిదా వేసింది నేను. ఇచ్చినవాడు వెనక్కి అడుగుతున్నాడు.

నర్సు కత్తెర తీసింది. "మాజీ, టాంకే లగేంగే. బాల్ కాట్నే పడేంగే."

కుట్లు వేయాలంటే వెంట్రుకలు తీయాలి. నేను పిల్ల తల మీద చెయ్యి అడ్డం పెట్టాను. "నహీ. భగవాన్ కా హై."

"హాథ్ హటావ్ మాజీ!" చెయ్యి తియ్యమంటూ డాక్టరు కుర్చీలోంచి లేచాడు.

నా వేళ్ల సందుల్లోంచి రక్తం కారుతూనే ఉంది. చెయ్యి తీస్తే మొక్కు పోతుంది. మొక్కు పోతే పిల్ల దక్కదు. తీయకపోయినా దక్కదు. చెయ్యి కదలలేదు.

మూఢనమ్మకమని పెద్దది తిడుతుందనుకున్నాను. అది నా ముందు మోకాళ్ల మీద కూర్చుంది.

"నానమ్మా, జర చెప్పు. ఆ దినం రాజన్నను ఏమడిగినవ్?"

"ఏడిపియ్యమన్న."

"మరి ఎంట్రుకలెందుకు ఇస్తనన్నవ్?"

"నా చేతుల ఇంకేమున్నదే? తలుపవతల నిలబడి ఏం చేస్తు? ఏదో ఒకటి ఇయ్యకుంట ఉండలేకపోయిన."

"గిప్పుడు తలుపివతలనే ఉన్నవ్. కొంగు పట్టు. ఒక్కటి కింద పడనియ్యకు. గీడ కోసినా రాజన్నవే."

చెయ్యి తీసి కొంగు పట్టాను. "నీచే మత్ గిరావ్," కింద పడెయ్యొద్దన్నాను నర్సుతో.

ఆమె కోసిన ప్రతి పాయనూ నా కొంగులో వేసింది. ఒకటి జారి నేల మీద పడితే వంగి తనే తీసింది. తమ గుజరాతీల్లోనూ పుట్టువెంట్రుకలు తీయించే మొక్కు ఉంటుందట, బాబరీ అంటారట.

మత్తు సూది గుచ్చగానే పిల్ల గుక్కపట్టి ఒక్కసారిగా అరిచింది. గోడలు అదిరేలా ఏడ్చింది.

"చుప్ బేటా, చుప్," అంది నర్సు.

"ఏడ్వనియ్యమ్మా!" అన్నాను తెలుగులోనే.

ఇంటికొచ్చి వెంట్రుకలను పసుపుగుడ్డలో మూటగట్టాను. కొడుకు రాగానే చెప్పాను. "ఈ వారమే టికెట్లు తియ్యి. అందరికీ."

"మరి పెళ్లి, అమ్మా?"

"పెళ్లికి నువ్వొక్కనివే పోయి రా."

పెద్దది మూలన కూర్చుని నోటుబుక్కులో ఏదో రాసుకుంటోంది. బియ్యం ఇంకా అలాగే ఉన్నాయి. ఆ పూట నేనే ఏరాను.