చిన్నమ్మ పోట్లాడిన రోజు

నా చిన్నప్పుడు ఒక ఆదివారం మా చిన్నమ్మ కాపురం రెండు ముక్కలు కావాల్సింది. మా అవ్వ పుణ్యమా అని నిలబడింది. ఆ రోజు తలచుకుంటే ఇప్పటికీ నాకు నవ్వొస్తుంది.

మాది మగ్గాల ఊరు సూలూరు. మా అమ్మ చెల్లెలిని తుడియలూరులో ఇచ్చారు. చిన్నాయనకు పంపుల వర్క్‌షాపులో పని. తాగుడు లేదు, తిట్టడం కొట్టడం లేదు. ఇంటినిండా అత్తమామలు, బావలు, తోడికోడళ్లు. అయినా రెండో ఏడాదే చిన్నమ్మ పెట్టె సర్దుకొని వచ్చేసింది. ఆ ఇంట్లో తనున్నా లేకపోయినా ఒకటేనంది. విడాకులు ఇప్పించమంది.

ఆ ఆదివారం రెండు వైపుల పెద్దలూ మా హాల్లో కూర్చున్నారు. మావాడు ఏమంటాడంటే అని చిన్నమ్మ అత్త, మా పిల్ల ఏమంటుందంటే అని మా తాతయ్య. ఆ మొగుడూ పెళ్లాలు మాత్రం చెరో మూల తల వంచుకొని కూర్చున్నారు. వాళ్ల నోట ఒక్క మాట రాలేదు. అవ్వ వినీ వినీ లేచింది.

"సరి, అందరూ లేవండి. టీ కొట్లో వేడిగా బోండాలు వేస్తుంటారు, పోదాం. మీరిద్దరూ ఇడ్లీపిండి రుబ్బి పెట్టండి."

అల్లుడి చేత పిండి రుబ్బించడమా అని తాతయ్య గొణిగాడు. అవ్వ వినిపించుకోలేదు. కొట్లో ఎవరు పంచాయితీ ఎత్తినా వాళ్ల చేతిలో ఇంకో బోండా పెట్టింది.

తిరిగి వస్తుంటే వీధి మలుపులోనే చిన్నమ్మ గొంతు వినిపించింది. ఆదివారం కాబట్టి మగ్గాలు ఆగి ఉన్నాయి, ఊరంతా వినబడేలా ఉంది. "అయ్యో, సండ వేసుకుంటుండారే!" అంటూ ఆమె అత్త పరుగెత్తింది. అవ్వ ముందుగా పోయి గడపకు అడ్డంగా కూర్చుంది.

"పోట్లాడుకోనీ వదినా. ఇన్నాళ్లకు నోళ్లు తెరిచినారు."

లోపల చిన్నాయన అరుస్తున్నాడు. "వారంవారం మల్లెపూలు తెస్తే ఒక్కసారైనా నవ్వినావా?"

"నాకా తెచ్చింది? మీ అమ్మ చేతికిస్తిరి. ఆమె అందరికీ తుంచి పంచింది. నాకోసమని నాకెట్ల తెలుసు?"

గడప బయట అత్తగారి మొహం ఎర్రబడింది. "నాకోసం తెస్తుండాడనే కదా మురిసిపోతిని!" అని ఆమే ముందు పకపకా నవ్వేసింది. ఆ నవ్వుకు లోపలి ఇద్దరూ నవ్వారు. ఇక మాకూ నవ్వు ఆగలేదు.

కొన్నాళ్లకు ఆ అత్తగారే తమ వీధిలో వాళ్లకు వేరే ఇల్లు చూసిపెట్టింది. చిన్నమ్మా చిన్నాయనా ఇప్పటికీ రోజూ వాదించుకుంటారు, నవ్వుకుంటారు.

ఇప్పుడు నేనూ పెద్దదాన్నయ్యాను. మా వాళ్లలో ఏ జంటైనా విడిపోతామంటూ నా దగ్గరికొస్తే, తప్పెవరిదని అడగను. వాళ్ల తరఫున మాట్లాడ్డానికి వెంట వచ్చినవాళ్లందరినీ పిలుచుకొని బయటికి పోతాను.