గాలిలో మాయమైన గుండు

ఎనభైల మొదట్లో అమెరికాలోని క్యారీలో ఉండగా, ఇండియాలో చిరుతను కొట్టానని ఆఫీసులో కోతలు కోశాను. నిజానికి తుపాకీ ముట్టిందే లేదు! తోటి ఉద్యోగి బిల్ నమ్మేసి, నన్నూ మా ఆవిడనూ షూటింగ్ రేంజ్‌కి తీసుకెళ్ళాడు.

పెద్ద తూటా మూతిని సన్నగా నొక్కి, చిన్న గుండు బిగించి తనే తయారుచేసుకున్న తూటాను రైఫిల్‌లో పెట్టిచ్చాడు. "దీని స్పీడ్ దేనికీ లేదు. కొట్టు, హంటర్!"

పరువు పోకూడదనుకుంటూ పేల్చాను. ఢామ్మని మోత! గురిపెట్టిన అట్టకీ నాకూ మధ్య గాలిలో బూడిదరంగు పొగ లేచింది. అట్టమీద చిల్లే లేదు.

"సారీ! వేగం తట్టుకోలేక గుండు గాలిలోనే తునాతునకలైంది. నీ గురికేం వంకలేదు!" అన్నాడు బిల్.

"ఏమండీ, మీరు రెండు కళ్ళూ మూసుకున్నారు కదా!" అంది మా ఆవిడ.

"ఏమంటోంది?" అన్నాడు బిల్.

"తప్పు గుండుదేనంటోంది," అన్నాను.

బిల్‌కి తెలుగు రాకపోబట్టి బతికిపోయాను. ఆ పొగను తలుచుకుంటే ఇప్పటికీ దణ్ణం పెట్టాలనిపిస్తుంది.