కోటు లేని వకీలు

మే నెల వస్తే బిలాస్‌పూర్ పక్కన బోద్రీ హైకోర్టులో నా వకీలు గది కిటికీకి కూలర్ బిగిస్తారు. మొన్న కొత్త వట్టివేళ్ళ తడికెలు పెట్టి నీళ్ళు వదిలారు. తడిసిన వేళ్ళ వాసన గదిలోకి రాగానే నా చేతిలో ఫైలు అలాగే ఉండిపోయింది. ఎదురుగా ఉన్న క్లయింటు కంగారుపడి, "మేడమ్, తబియత్ ఠీక్ హై నా?" అని అడిగాడు. బాగానే ఉన్నానన్నాను. బాగా ఎక్కడున్నాను! ముప్ఫై అయిదేళ్ళు వెనక్కి పోయి, తార్‌బహార్ పేటలో సింహాద్రి మావయ్యగారి ముందు గదిలో ఉన్నాను. ఆ ఇంట్లో ఉన్న ఒక్క కూలరూ వచ్చినవాళ్ళ వైపే తిరిగి ఉండేది. ఆయన మాత్రం తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ, వాళ్ళు చెప్పేది వింటూ ఉండేవారు.

ఆయన మాకు చుట్టం కాదు. మా తాతలాగే ఆయన తండ్రీ శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే పనికి బిలాస్‌పూర్ వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. మావయ్యగారు లోకో షెడ్‌లో హెడ్ క్లర్కుగా రిటైరయ్యారు. చదువు మెట్రిక్కే. అయితే రైల్వేలో ఎవరికైనా ఛార్జిషీటు వస్తే, ఆ శాఖాపరమైన విచారణకు మామూలుగా వకీలును రానివ్వరు. తోటి ఉద్యోగిగానీ రిటైరైన ఉద్యోగిగానీ పక్కన కూర్చుని వాదించవచ్చు. అందుకే గాంగ్‌మన్ నుంచి గార్డు దాకా ఆపద వచ్చినవాళ్ళంతా ఆయన ఇంటికే వచ్చేవారు. నేనేమో మా వంశంలో మొదటి ఎల్.ఎల్.బి.ని. పట్టా చేతికొచ్చిన కొత్తలో నేలమీద నడవలేదు లెండి. ఒక గుమాస్తా చట్టం మాట్లాడటం ఏమిటని నాకు లోలోపల చిరాకు.

మా ఇంట్లో రోజూ నా గురించే పంచాయితీ. "రైల్వేలోనే లా సెక్షనుంది, పరీక్ష రాయి. నల్లకోటు అన్నం పెడతాదేటే?" అని నాన్న. ఆయన ఇంజిన్ డ్రైవరు, పట్టాల మీద తప్ప దేనిమీదా నమ్మకం లేదు. బ్యాంకులో లా ఆఫీసరు అయితే నీడపట్టున ఉంటానని అమ్మ. బొగ్గు కంపెనీకి కూడా లా చదివినవాళ్ళు కావాలట అని అన్నయ్య. నేను నల్లకోటు, ఆ తర్వాత జడ్జి కుర్చీ, అంతకు తక్కువ కలగనలేదు. ఆ రోజుల్లోనే పక్క క్వార్టర్ లచ్చన్న తన ఛార్జిషీటు పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చాడు.

లచ్చన్న యార్డులో బళ్ళకు పట్టాలు మార్చే పాయింట్స్‌మన్. భార్యకు ప్రాణం మీదికి వచ్చిందని కబురొస్తే, యార్డు ఫోర్‌మన్‌కు నోటిమాటగా చెప్పి ఇంటికి పరిగెత్తాడు. ఫోర్‌మన్ తర్వాత తనకేమీ తెలియదన్నాడు. డ్యూటీ వదిలి పారిపోయాడని అభియోగం, అది రుజువైతే ఉద్యోగం పోతుంది. మావయ్యగారి దగ్గరికి ఎందుకులే, నేను లేనా అని జవాబు నేనే రాశాను. పుస్తకాల్లో ఉన్న బరువైన ఇంగ్లీషు మాటలన్నీ దించేశాను. చివర్లో లచ్చన్న నసుగుతూ, "ఆఖర్న ఈ తప్పుకి క్షమించండి అని ఒక ముక్క రాయమ్మా. పెద్దోలు కదా, మర్యాద" అన్నాడు. అందరూ అలాగే రాస్తారు కదా అని రాసేశాను. పదిహేను రోజులకు ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. ఉద్యోగి తానే తప్పు ఒప్పుకుని క్షమాపణ కోరాడు గనుక విచారణ త్వరగా ముగిస్తామని దాని సారాంశం. లచ్చన్నను వెంటబెట్టుకుని మావయ్యగారింటికి పరిగెత్తాను.

మావయ్యగారు నా జవాబు రెండుసార్లు చదివి, "ఎవులు రాసినారు?" అన్నారు. నేనేనన్నాను. "మొదట ఈయన చెప్పింది పూర్తిగా విన్నావా?" అన్నారు. వినలేదు. అభియోగం చదవగానే పెన్ను తీశాను. ఆయన కోప్పడలేదు. కోప్పడితే బాగుండునని ఇప్పటికీ అనిపిస్తుంది. "అచ్ఛా, చూద్దాం" అని కళ్ళజోడు తీసి పక్కన పెట్టారు.

విచారణ రోజు పట్టా ఉన్న నేను వరండాలో కిటికీ పక్కన, పట్టా లేని ఆయన లోపల. సాక్షిగా రావలసిన ఫోర్‌మన్, బిల్హా నుంచి వచ్చే లోకల్ రైలు ఆలస్యమై, అరగంట లేటుగా వచ్చాడు. మావయ్యగారు లేచి, ఎంతో వినయంగా, ఆలస్యం ఎందుకైందో రెండు ముక్కలు రాసిస్తే రికార్డులో ఉంటుందన్నారు. ఫోర్‌మన్ అక్కడే నిలబడి రాసిచ్చాడు. మావయ్యగారు దాన్ని పైకి చదివారు: లోకల్ ఆలస్యంగా నడిచింది, ఈ తప్పుకు క్షమించగలరు.

"లోకల్ లేటవడం మీ తప్పా?" అని అడిగారు.

"నా తప్పెలా అవుతుంది?"

"మరి క్షమించమన్నారేం?"

"అలాగే రాస్తాం కదండీ ఎప్పుడూ!"

"రాసుకోండి సార్. మా లచ్చన్న జవాబు కూడా అదే" అన్నారు విచారణ అధికారితో. ఆ తర్వాత, వెళ్ళేముందు లచ్చన్న మీకు చెప్పాడా అని అడిగితే, ఫోర్‌మన్ తను రాసిన కాగితం వంకే చూస్తూ, "చెప్పే ఉంటాడు" అని గొణిగాడు. లచ్చన్న ఒక హెచ్చరికతో బయటపడ్డాడు, ఉద్యోగం నిలిచింది.

తిరిగి వస్తూ దారిలో ఏడ్చేశాను. "నేనీ పనికి పనికిరాను మావయ్యా, బ్యాంకు పరీక్ష రాసుకుంటాను" అన్నాను. "ఒక్క ముక్కకే పట్టా చింపీస్తావేటి? నా మొదటి కేసులో మనిషి ఉద్యోగమే పోగొట్టినాను. ఇప్పటికీ ఆలింటి వీధిలోంచి నడవను" అన్నారు. మరి ఏ దారిలో వెళ్ళమంటారని అడిగాను. ఆయన నవ్వారు. "నన్నడగకు. మెట్రిక్ తరవాత చదూదామంటే కాలేజీ సాయంత్రం, నాకు డ్యూటీ సాయంత్రం. ముందు గుమ్మం తెరవకపోతే దొడ్డిదారిన దూరినోడిని." ఆ తర్వాత రెండేళ్ళు రోజూ ఆ ఇంటికి వెళ్ళాను. వచ్చినవాడు తన గోడు మొత్తం రెండుసార్లు చెప్పుకునేదాకా నన్ను పెన్ను మూత తీయనిచ్చేవారు కాదు. ఎన్ని డిగ్రీలిచ్చినా ఆ రెండేళ్ళకు సరికావు లెండి!

చివరికి నాన్న మాటే నెగ్గింది. లా సెక్షను పరీక్ష పాసయ్యాను. మావయ్యగారు నాకంటే ఎక్కువ సంబరపడ్డారు. "అవతలి పక్కన కూడా ఒక మంచి మనిషుండాలి కదా. అయితే ఇకమీదట మా ఇంటికి రాకు. నాకొచ్చే కాగితాలూ నీకొచ్చే కాగితాలూ ఒకటే. రేపు ఎవులైనా నిన్ను వేలెత్తి చూపిస్తారు" అన్నారు. ఆయన అన్నది న్యాయమే. న్యాయమైతే మాత్రం గుండె ఊరుకుంటుందా?

ఒక మధ్యాహ్నం ఆయన ఎవరి కేసుకో కాగితాల నకళ్ళకని మా సెక్షనుకు వచ్చారు. పక్కనే మా పై అధికారి ఉన్నాడు. "నమస్తే మేడమ్" అన్నారు మావయ్యగారు. నన్ను కాపాడటానికే అలా పిలిచారని నాకు తెలుసు. నేను తలెత్తకుండా "అర్జీ అక్కడ పెట్టండి" అన్నాను. నకళ్ళు తీసేసరికి నలభై నిమిషాలు పట్టింది. అరవై అయిదేళ్ళ మనిషి ఫైలు గుండెకు ఆనించుకుని అలాగే నిలబడ్డారు. నా బల్ల ముందు కుర్చీ ఖాళీగానే ఉంది. కూర్చోండి అంటే ఎవరేమనుకుంటారోనని భయపడ్డాను. ముక్కూ మొహం తెలియనివాడికైనా అనే మాట అది. కాగితాలు తీసుకుని, "థాంక్యూ మేడమ్" అని ఆయన వెళ్ళిపోయారు.

ఎప్పుడో ఒకప్పుడు వెళ్ళి ఆ సంగతి చెప్పుకుందామనుకుంటూ ఉండగానే నాగ్‌పూర్ బదిలీ అయింది. ఆ చలికాలం నాన్న ఉత్తరం రాశారు. బడి చదువు హిందీలో సాగిన నాకు అప్పటికి తెలుగు చదవడం అంతంతమాత్రం, కూడబలుక్కోవాలి. సింహాద్రి పోయాడన్న ఆ ఒక్క వాక్యం చదవడానికి ఎంతసేపు పట్టిందో చెప్పలేను.

తర్వాత ఉద్యోగం వదిలి, బిలాస్‌పూర్ తిరిగొచ్చి నల్లకోటు వేసుకున్నాను. ఉద్యోగాలు పోగొట్టుకున్నవాళ్ళ కేసులే ఎక్కువగా చూస్తాను. నా గదిలోకి ఎవరొచ్చినా, పోస్టు తెచ్చినవాడైనా, అవతలి పక్షం వకీలైనా, పేరు అడగకముందే కూర్చోండి అంటాను. వద్దన్నా వినను. మేడమ్‌కు ఇదొక పిచ్చి అని జూనియర్లు నవ్వుకుంటారు, నవ్వుకోనీ. ఇన్నేళ్ళలో ఎన్ని వేలమందిని కూర్చోబెట్టానో. మావయ్య మాత్రం ఇంకా నిలబడే ఉన్నారు.