గోధుమరంగు గుర్రం

పన్నెండు ప్రశ్నలకి మూడు మార్కులు. కనిషాయ్ ఆ కాగితాన్ని నాలుగోసారి చదివింది. చదివిన ప్రతిసారీ ఒళ్ళు కొత్తగా మండింది. పైన పేరు ఉమ్సునాయ్, వయసు ఆరేళ్ళ ఎనిమిది నెలలు. కింద గుండ్రటి ముద్ర. ముద్ర పక్కన నీలం సిరాతో ఒక వాక్యం: "బుద్ధి వికాసం తక్కువ, ప్రత్యేక వసతి పాఠశాలకు పంపవలెను."

"పంపవలెనట! పంపడానికి ఇదేమన్నా ఉన్ని మూటా?" అంది.

ఉమ్సునాయ్ తాత సతర్కుల్ ఆమె ఇంటి గేటు దగ్గరే నిలబడ్డాడు. నెత్తి మీది తెల్ల టోపీ తీసి చేత్తో నలుపుతున్నాడు. డెబ్భై రెండేళ్ళ మనిషి, ఆ లోయలో గుర్రాల మంద కాసేవాళ్ళలో పెద్దవాడు. పెద్ద మనవరాల్ని తాతే పెంచుకోవడం అక్కడి ఆచారం కాబట్టి ఉమ్సునాయ్ పుట్టినప్పటినుంచీ ఆయన ఇంట్లోనే పెరుగుతోంది.

"నేనూ చదివానమ్మా. నా కళ్ళజోడు సరిగ్గా లేదేమో, నువ్వోసారి చూస్తావని తెచ్చాను."

"నీ కళ్ళజోడు బాగానే ఉంది పెద్దాయనా. రాసినవాళ్ళకే కళ్ళు లేవు."

ఆ వసతి బడి తొంభై కిలోమీటర్ల అవతల ఉంది. అందులోకి వెళ్ళిన పిల్ల మళ్ళీ మామూలు బడికి రావడం ఆ లోయలో ఎవరూ చూడలేదు. పొరుగూరి పిల్లాడొకడు నత్తి ఉందని అక్కడికి వెళ్ళి, పదహారేళ్ళకి తిరిగొచ్చి, తలొంచుకుని గొర్రెలు కాస్తున్నాడు. సతర్కుల్‌కి వాడు గుర్తొచ్చే ఉంటాడు. కనిషాయ్‌కైతే గుర్తొచ్చాడు.

కనిషాయ్‌కి యాభై ఆరేళ్ళు. ఇరవయ్యో ఏట సామూహిక వ్యవసాయ క్షేత్రం వారి బాలవాడిలో చేరింది. క్షేత్రం కూలిపోయినప్పుడు బాలవాడి కూడా పోయింది. తలుపులొకరు, కిటికీలొకరు, ఇనప పొయ్యి ఇంకొకరు ఊడబెరుక్కుపోయారు. ఈమెకి దక్కింది ఒక చేతిగంట, డబ్బాడు సుద్దముక్కలు. ఆ కోపం ఆమెకి ఇప్పటికీ చల్లారలేదు. ఆ పొయ్యి ఎవరింట్లో ఉందో తెలుసు, ఆ ఇంట్లో ఈనాటికీ టీ తాగదు.

మందలు జూన్‌లో కరా జిల్గా మేతకొండలు ఎక్కేటప్పుడు ఆమె కూడా ఎక్కుతుంది. అక్కడ పిల్లల కోసం ఒక ఉన్ని గుడారం వేస్తుంది. తండ్రులు మందల వెనక, తల్లులు గుర్రాల పాలు పిండడంలో ఉంటారు. పిల్లల్ని వాగుకీ కుక్కలకీ వదిలేయకుండా ఈమెకి అప్పగిస్తారు. పుస్తకాలు తెస్తే గాలికి చిరిగేవి, వానకి నానేవి. అందుకని ఆమె ఎదురుగా ఉన్నవాటితోనే చదువు చెప్పింది.

పొద్దున్నే ప్రతి పిల్లా వాగులోంచి ఒక రాయి తెచ్చి గుడారం ముందు వరసలో పెట్టాలి. వరసలో రాళ్ళెన్ని, నిన్నటికన్నా ఎన్ని తగ్గాయి, ఎవరు రాలేదు, ఎందుకు రాలేదు, ఇదీ లెక్కల పాఠం. నేలలో పాతిన కర్ర నీడ ఏ రాయి దగ్గరికొస్తే పాలు తాగే వేళో పిల్లలే చెప్పాలి. వాగులో పొద్దున కాలుపెట్టి దాటిన రాళ్ళు సాయంత్రానికి ఎందుకు మునిగిపోతాయో వాళ్ళే కనిపెట్టాలి. చలికాలం ఊళ్ళో ఉన్నప్పుడు కిటికీ గట్టు మీద తడి ఉన్నిలో బార్లీ మొలకలు వేయించేది. గొర్రె చీలమండ ఎముకలతో కూడికలు చేయించేది. దురదగొండి ఆకు ఏదో చెప్పేది కాదు. ఒక్కసారి ముట్టుకోనిచ్చేది. మళ్ళీ చెప్పాల్సిన అవసరం వచ్చేది కాదు.

గుర్రాల రంగులైతే మధ్యాహ్నం పాఠం. పిల్లలందరూ గుట్ట మీద కూర్చుని కిందికి చూడాలి. ఎర్రటి ఒంటికి నల్లటి జూలూ నల్లటి కాళ్ళూ ఉంటే తోరు. జూలూ ఒళ్ళూ ఒకటే ఎరుపైతే జేర్దే. ఎండిన గడ్డిరంగు ఒంటికి వీపు మీద నల్లచార ఉంటే కులా. ఇలాంటివి ముప్ఫైకి పైగా ఉన్నాయి. ఐదేళ్ళకే అవన్నీ గుక్కతిప్పుకోకుండా చెప్పిన పిల్ల ఉమ్సునాయ్. పోయినేడు తాత గుర్రం పొగమంచులో తప్పిపోతే, మంచు విడిచాక మైలు దూరంలో ఒకదాన్ని చూసి, "ఆ తోరు మనది కాదు తాతా, మనదానికి వెనక కాలు తెలుపు" అన్నదీ ఆ పిల్లే.

ఆ పిల్లకి బుద్ధి తక్కువట.

కనిషాయ్ మర్నాడు పొద్దున మొదటి వ్యానెక్కి జిల్లా పట్నానికి పోయింది. బడిలో చేరబోయే పిల్లల్ని పరీక్షించే కమిషన్‌కి అధ్యక్షురాలు రహత్ దోరోనోవ్నా అనే నలభై ఏళ్ళావిడ. బల్ల మీద ప్లాస్టిక్ పువ్వులు, గోడకి ప్లాస్టిక్ పళ్ళగుత్తులు. కిటికీ అవతల పోప్లార్ చెట్లు నిండా చిగురించి ఉన్నాయి, కిటికీకి మాత్రం పరదా వేసి ఉంది.

"కూర్చోండి అక్కా."

"కూర్చోడానికి రాలేదు. ఈ పిల్లకి రంగులు తెలీవని రాసింది నువ్వేనా?"

రహత్ కాగితం తీసుకుని చూసింది. "గుర్రం బొమ్మ చూపించి ఏం రంగని అడిగాం. గోధుమరంగు అనాలి. తోరు అంది. పైగా, గీసినవాళ్ళకి కాళ్ళు నల్లగా వెయ్యడం రాలేదు అంది."

"మరి నిజమే కదా?"

"నిజమా కాదా అని కాదక్కా. జవాబు గోధుమరంగు."

"ఇదేంటి? గొర్రె, మేక, ఆవు, తోడేలు. గుంపులో ఇమడనిది ఏదంటే ఆవు అంది. సున్నా పెట్టారు."

"తోడేలు అనాలి. అది అడవి జంతువు."

"గొర్రెలూ మేకలూ ఎక్కడుంటే తోడేలు అక్కడే తిరుగుతుంది. మీ ఊళ్ళో ఎట్లా తిరుగుతుందో నాకు తెలీదు. మా కొండ మీద ఆవు జోలికి అంత తొందరగా రాదు. పిల్ల చూసింది చెప్పింది! నీళ్ళెక్కణ్ణుంచి వస్తాయంటే మంచుకొండ నుంచి, ఎండెక్కాక ఎక్కువొస్తాయి అంది. దానికీ సున్నా!"

"కుళాయి అక్కా. పుస్తకంలో కుళాయి."

"వాళ్ళింట్లో కుళాయే లేదు కదమ్మా!"

ఆ అరుపుకి పక్కగదిలో టైపు కొట్టే చప్పుడు ఆగింది. కనిషాయ్ బల్ల మీదికి వంగింది.

"మీ తాత ఏం చేసేవాడు?"

రహత్ గొంతు తగ్గించి చెప్పింది. "గుర్రాలు కాసేవాడు."

"ఆయన గుర్రాన్ని గోధుమరంగు గుర్రం అని ఆయన ఎదురుగా అని ఉంటే నీ చెవి మిగిలేదా?"

రహత్ లేచి తలుపు వేసింది. మళ్ళీ వచ్చి కూర్చున్నప్పుడు ఆఫీసరులా లేదు. "నా మీద అరిస్తే ఏమొస్తుంది? జవాబుల పట్టిక పైనుంచి వస్తుంది. ఒక్కో ప్రశ్నకి ఒక్కటే మాట ఉంటుంది. నేను తోరుకి మార్కు వేస్తే రేపు నా కాగితాలు తిరగేస్తారు, పిల్ల మార్కు కొట్టేస్తారు. ఆగస్టు ఆఖర్లో ఇంకో అవకాశం ఇప్పిస్తాను. అంతే నా చేతిలో ఉన్నది." సొరుగులోంచి బొమ్మల కట్ట తీసి ముందుకు తోసింది. "ఇవే అడుగుతారు. నేర్పించండి."

ఆ కట్టని ఆమె మొహాన కొట్టి రావాలనిపించింది కనిషాయ్‌కి. కొట్టలేదు. సంచిలో పెట్టుకుంది. ఆ సంగతి తరవాత ఎప్పుడు తలుచుకున్నా ఆమెకి తన మీద తనకే కోపం వచ్చేది.

ఆ వేసవి కరా జిల్గా మీద పొద్దున పూట ఎప్పటి చదువే. మధ్యాహ్నం మిగతా పిల్లలు గుట్ట మీద గుర్రాల్ని చూస్తుంటే, ఉమ్సునాయ్ ఒక్కతే గుడారం లోపల, గుమ్మానికి వీపు పెట్టి, బొమ్మల ముందు కూర్చునేది. కుళాయి సులువుగా వచ్చింది. తోడేలు కూడా వచ్చింది. గుర్రం దగ్గరే ఆగిపోయింది.

"ఏం రంగు?"

"తోరు."

"గోధుమరంగు అనాలి."

"మొద్దుగా ఉంది అక్కా ఆ మాట. ఎండిపోయిన పేడ కూడా గోధుమరంగే."

కనిషాయ్‌కి నవ్వొచ్చింది. నవ్వు ఆపుకుని మళ్ళీ అడిగింది. మళ్ళీ తోరు. జులై అంతా అదే. ఆగస్టు మధ్యలో ఒకరోజు పక్క కనుమ నుంచి ఒకడు గుర్రం మీద వచ్చి, తన జేర్దే ఎటైనా పోయిందా అని గుమ్మంలోంచే అడిగాడు. ఉమ్సునాయ్ వెనక్కి తిరక్కుండానే, "పొద్దున పడమటి గుట్టెక్కింది, నుదుటి మీద చుక్కుంది, కుంటుతోంది" అంది. అతను దండం పెట్టి, సంచిలోంచి గుప్పెడు ఎండబెట్టిన పెరుగుండలు తీసి పిల్ల చేతిలో పోసి పోయాడు. పిల్ల ముఖం వెలిగిపోయింది. అదే నోటితో, బొమ్మ చూపించగానే, మళ్ళీ తోరు అంది.

పరీక్ష ఇంక పది రోజులే. ముందురోజు రాత్రి సతర్కుల్ భార్య మనవరాలి చిన్న కోటుకి గుండీలు కుడుతూ, ఏ బడికి వెళ్తుందోనని ఏడ్చిన సంగతి కనిషాయ్‌కి తెలుసు. కనిషాయ్ బొమ్మని నేలకేసి కొట్టింది.

"ఇంకోసారి ఆ మాట నీ నోట్లోంచి వచ్చిందో, నిన్ను ఆ బడికే పంపేస్తారు! తాతా ఉండడు, గుర్రాలూ ఉండవు! వినబడిందా?"

ముప్ఫై ఆరేళ్ళలో ఆమె ఏ పిల్ల మీదా అలా అరిచి ఎరగదు. గుట్ట మీది పిల్లలు ఆట ఆపేసి ఇటు చూశారు. ఉమ్సునాయ్ ఏడవలేదు. ఒళ్ళో పెరుగుండ ఉంది, దాన్ని పట్టుకుని కూర్చుంది. కాసేపటికి మెల్లగా, "గోధుమరంగు" అంది.

ఆగస్టు ఆఖర్లో పన్నెండుకి పన్నెండు వచ్చాయి. రహత్ స్వయంగా నడవలోకి వచ్చి, "చూశారా, నేర్పిస్తే ఎంత తెలివైన పిల్లో" అంది. నిజంగానే సంతోషంతో అంది. కనిషాయ్ పళ్ళు బిగించి, థాంక్స్ అనకుండా మెట్లు దిగిపోయింది. సతర్కుల్ గొర్రెని కోసి ఊరందరికీ పెట్టాడు. ఉమ్సునాయ్ తెల్ల రిబ్బన్లు కట్టుకుని ఊళ్ళోని బడిలో చేరింది.

సెప్టెంబరు మూడో వారంలో మందలు కొండ దిగాయి. దిగే హడావిడిలో సతర్కుల్ పాలు పిండే ఆడగుర్రం తన గుర్రప్పిల్లతో సహా తప్పిపోయింది. తోరు గుర్రం, వెనక కాలు తెలుపు. ఆకాశం బూడిదరంగుకి తిరిగింది. ఆ రాత్రి కనుమ మీద మంచు పడుతుందని అందరూ అంటున్నారు. పిల్లతో ఉన్న గుర్రాన్ని మంచులో వదిలితే తోడేళ్ళు పొద్దుటి దాకా ఆగవు.

బడి విడిచే వేళకి సతర్కుల్ గుర్రం మీద దారి చీలిక దగ్గరికి వచ్చాడు. ఒక దారి వాగుకి, ఒకటి కనుమకి. కనిషాయ్ అప్పుడే ఉమ్సునాయ్ చెయ్యి పట్టుకుని బడి నుంచి ఇంటికి తీసుకొస్తోంది. పిల్లలు తరగతిలో కూర్చునే కిటికీ సరిగ్గా ఆ చీలికనే చూస్తుంటుంది.

"తల్లీ, ఇటు గుర్రాలేమైనా పోయాయా?"

"పోయాయి తాతా. వాగు వైపు ఒకటి, కనుమ వైపు ఒకటి. రెంటి వెనకా పిల్లలున్నాయి."

"మనది ఎటు పోయింది?"

ఉమ్సునాయ్ నోరు తెరిచింది. తెరిచి కనిషాయ్ ముఖంలోకి చూసింది.

"వాగు వైపుది గోధుమరంగు. కనుమ వైపుది గోధుమరంగు."

ముసలాయన మొదట వేళాకోళం అనుకుని నవ్వాడు. "నీ బడి మాటలు తరవాత చెబుదువు గాని. జూలు నలుపా? కాళ్ళేం రంగు?"

"గోధుమరంగు తాతా."

ఆయన నవ్వు ఆగిపోయింది. పిల్లని చూశాడు, కనిషాయ్‌ని చూశాడు. పొద్దు వాలిపోతోంది. కనుమ మీదే భయం ఎక్కువ కాబట్టి గుర్రాన్ని కనుమ వైపు తిప్పి దౌడు తీయించాడు.

కనిషాయ్ దారి మధ్యలోనే మోకాళ్ళ మీద కూర్చుంది. పిల్ల భుజాలు పట్టుకుంది. "నాకు చెప్పు. నువ్వు చూశావు. నీకు తెలుసు."

"చెప్తే పంపేస్తారుగా."

"పంపరు. నేనున్నాగా, చెప్పు."

పిల్ల రోడ్డు అటూ ఇటూ చూసింది. ఎవరూ లేరని తేల్చుకుని, కనిషాయ్ చెవి దగ్గరికొచ్చి గుసగుసగా అంది. "వాగు వైపుది తోరు. వెనక కాలు తెలుపు. మనదే. కనుమ వైపుది జేర్దే."

కనిషాయ్ లేచి కనుమ వైపు పరుగెత్తింది. యాభై ఆరేళ్ళ కాళ్ళు, ఎదురుగాలి. సతర్కుల్ అప్పటికే వేలెడంత అయిపోయాడు. ఆ గుండ్రటి ముద్ర మీద, ప్లాస్టిక్ పళ్ళ మీద, అన్నిటికన్నా తన మీద ఉన్న కోపమంతా గొంతులోకి తెచ్చుకుని అరిచింది.

"పెద్దాయనా! వాగు వైపు! తోరు వాగు వైపు పోయింది! తోరు!"

ఆయన వెనక్కి తిరగలేదు. గాలి అరుపుని మళ్ళీ ఇటే తోసేసింది. మళ్ళీ అరవబోతుంటే వెనక నుంచి ఉమ్సునాయ్ పరుగెత్తుకొచ్చి రెండు చేతులతో ఆమె కోటు పట్టుకుని లాగింది. పిల్ల ముఖం పాలిపోయి ఉంది.

"గట్టిగా అనకు అక్కా. ఎవరైనా వింటే నిన్ను కూడా పంపేస్తారు."