పొద్దున్నే తెరుచుకునే పేజీ

మా ఇంట్లో కంప్యూటర్ కొన్నది నేను కాదు. చాలాకాలం దాన్ని వాడింది కూడా నేను కాదు. మా ఆయన హుజూర్‌నగర్ వైపు కాలువల మీద వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా పనిచేసి రిటైరయ్యాక, నల్లగొండలో పానగల్ రోడ్డు మీద మేము ఇల్లు కట్టుకున్న ఏడాది దాన్ని తెచ్చి ముందుగదిలో కిటికీ పక్కన పెట్టాడు. పొద్దున టీ తాగి దాని ముందు కూర్చునేవాడు. చూసేది ఒక్కటే పేజీ. కృష్ణ మీది ప్రాజెక్టుల్లో ఆ రోజు నీళ్లు ఎంత ఉన్నాయో చెప్పే పట్టిక. బొమ్మలు లేవు, వార్తలు లేవు. పైన ఆల్మట్టి, దాని కింద నారాయణపూర్, ఆ కింద జూరాల, శ్రీశైలం, సాగర్. నది వచ్చే వరసే పట్టిక వరస. బ్రౌజర్ తెరవగానే అదే వచ్చేలా పెట్టుకుని, చూపు ఆనక అక్షరాలు పెద్దవి చేసుకున్నాడు. చూసి, వంటింట్లో ఉన్న నాకు వినిపించేలా "అడుగు పెరిగింది" అనో, "ఏం లేదు, గట్లనే ఉన్నది" అనో చెప్పేవాడు. నేను "ఊఁ" అనేదాన్ని. నేను లైబ్రరీలో పనిచేసిన మనిషిని. నాకు ఆ నీళ్లతో పని లేదు.

ఆయన చెల్లెలు మక్తల్‌లో ఉంటుంది. బడిలో లెక్కలు చెబుతుంది. జూరాల వాళ్లకు దగ్గర. వానాకాలం అక్కడ గేట్లు ఎత్తితే అన్నకు ఫోన్ చేసేది.

"అన్నా, నీళ్లు తోలుతున్నం. కుండలు కడిగి పెట్టుకోండ్రి."

"మీరు తోలుడేంది? పైనోళ్లు ఇడిస్తె ఆపచాతగాక మీరు ఇడుస్తున్నరు" అనేవాడు ఆయన.

ప్రతి ఏడాదీ ఇవే మాటలు. అయినా ఇద్దరూ కొత్తగా విన్నట్టే నవ్వుకునేవాళ్లు.

ఆయన పోయాక కంప్యూటర్‌ను కొన్నాళ్లు ఎవరూ ముట్టలేదు. తరువాత ఒక పొద్దున నేనే ఆన్ చేశాను. ఎందుకని అడిగితే చెప్పలేను. టీ తాగాక ఆ కాసేపూ ఖాళీగా ఉండేది, అంతే. పేజీ దానంతట అదే వచ్చింది. చదివి ఆపేశాను. మర్నాడూ అంతే. అలా అలవాటైంది. దాని అడ్రసు ఏమిటో మాత్రం ఎన్నడూ చూడలేదు. వంటింటి తలుపు తీస్తే వంటిల్లే ఉంటుంది కదా, అలా అనుకున్నాను.

శ్రావణంలో ఆయన ఏడాది వచ్చింది. నలుగురినీ పిలవడానికి కార్డు వేయించాలి. మాకు ఏ కార్డైనా గడియారం సెంటర్ దగ్గర ప్రెస్సు నడిపే భాయ్ వేస్తాడు. అతనూ మా ఆయనా ఒకరినొకరు ఎరిగినవాళ్లు. దశదినకర్మ కార్డు భాయే సొంతంగా రాసి వేశాడు. అచ్చయి వచ్చాక చదివితే అందులో "దివికేగిన" అనీ "అశ్రునయనాలతో" అనీ ఉన్నాయి. అప్పుడు ఏమీ అనలేదు. ఈసారి మాత్రం నేనే రాశాను. నాలుగు వాక్యాలు. ఎవరి ఏడాది, ఏ రోజు, ఎక్కడ, భోజనానికి రండి. ఆయన కంప్యూటర్ మీదే తెలుగులో టైపు చేసి పంపాను.

సాయంత్రం భాయ్ ఫోన్ చేశాడు.

"అమ్మా, మీ మేటరు మా మిషన్ల డబ్బాలు డబ్బాలు వస్తాంది. ఒక్క అక్షరం కనవడ్తలేదు. మాది పాత సాఫ్ట్‌వేర్. దానికి దాని ఫాంటే ఉండాలె."

"మరెట్ల భాయ్?"

"మీకెందుకమ్మా ఫికర్? పోయినసారి మేటరు నా తాననే ఉన్నది. తారీఖు మార్చి కొట్టేస్త."

"వద్దు భాయ్. గా అశ్రునయనాలు వద్దు."

"అవి లేకుంటె కార్డు బోసిపోతదమ్మా."

"పోనీ."

అతని ప్రెస్సు ఫాంటులోకి నేనే మార్చి పంపుతానన్నాను. మా జిల్లాలో సొంతంగా కార్డు రాసుకోవాలనుకున్న వాళ్లు చాలామంది ఇక్కడికి వచ్చే ఆగుతారు. మన ఇంట్లో తెలుగు ఒకటి, ప్రెస్సులో తెలుగు ఒకటి. ఒకదాన్ని మరొకటిగా మార్చే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుందని భాయే చెప్పాడు. వెతికాను. ఒక పేజీలో డౌన్‌లోడ్ అని పెద్ద పచ్చ బటన్ ఉంది. నొక్కాను. తరువాత తెర మీద వరసగా పెట్టెలు వచ్చాయి. ప్రతి దానిలో "నెక్స్ట్" నొక్కుతూ పోయాను. పుస్తకం తీస్తే ముద్రణాలయం అడ్రసు దాకా చదివే అలవాటున్న దాన్ని, ఆ పెట్టెల్లో ఏముందో చదవలేదు. ఫాంటు మారలేదు. అక్షరాలు ఇంకా చెడ్డాయి. విసుగొచ్చి, నాలుగు వాక్యాలూ కాగితం మీద రాసి, ఫొటో తీసి భాయ్‌కి పంపాను. ఆ పని మొదటే చేయవలసింది.

మర్నాడు పొద్దున టీ తాగి బ్రౌజర్ తెరిచాను. నీళ్ల పట్టిక రాలేదు. రంగురంగుల వెతుకుడు పెట్టె ఒకటి వచ్చింది. దాని చుట్టూ రమ్మీ ఆడండి, పొట్ట తగ్గించుకోండి అనే ప్రకటనలు. మూసి మళ్లీ తెరిస్తే మళ్లీ అదే. సాగర్ నీటిమట్టం అని కొడితే ఎక్కడెక్కడికో తీసుకుపోయి అప్పులిస్తాం రమ్మంది. కింద మూలన మీ కంప్యూటర్‌లో వైరస్ ఉంది, ఈ నంబరుకు ఫోన్ చేయండి అని ఎర్రగా ఒక పెట్టె లేస్తోంది. ఫోన్ చేయలేదు. అంతమాత్రం తెలివి మిగిలింది.

ఫోన్‌లో వెతికితే నీటిమట్టాలు చెప్పే పేజీలు చాలా దొరికాయి. అన్నీ వార్తలు, బొమ్మలు, వీడియోలు. ఆ పట్టిక మాత్రం దొరకలేదు. అప్పుడు అర్థమైంది, నాకు కావలసింది నీటిమట్టం కాదని.

కంప్యూటర్ పెట్టెను ఆటోలో వేసుకుని రిపేరు దుకాణానికి పోయాను. అతను ఆన్ చేసి చూసి నవ్వాడు.

"మేడమ్, ఫార్మాట్ కొట్టాలె. సాయంత్రానికల్ల కొత్త పెండ్లికూతురు లెక్క ఇస్త."

"దాంట్ల ఉన్నయన్నీ?"

"ఫొటోలుంటె చెప్పున్రి, పెన్‌డ్రైవ్‌ల ఏస్త."

"ఫొటోలు కాదు. తెరవంగనే ఒక పేజీ వస్తుండె."

"ఏం పేజీ?"

"నీళ్లది."

అతను నా వైపు చూసి, పక్కనున్న వేరే కంప్యూటర్ వైపు తిరిగాడు. "ఫార్మాటైనంక మీకు నచ్చిన పేజీ పెట్టుకోవచ్చు మేడమ్" అన్నాడు. మర్యాదగానే అన్నాడు. కానీ దాని అడ్రసు నా దగ్గర లేదు. ఉంటే గింటే ఆ పెట్టెలోనే ఎక్కడో ఉంటుంది. పెట్టెను మళ్లీ ఆటోలో పెట్టించుకుని ఇంటికొచ్చాను.

ఆయన ఏడాదికి ముందే మక్తల్ నుంచి ఆడబిడ్డ వచ్చింది. సంచి కింద పెట్టి, కాళ్లు కడుక్కుని, అన్న కుర్చీలో కూర్చుని కంప్యూటర్ ఆన్ చేసింది. నీళ్లు చూడ్డానికే.

"గిదేంది వదినె, నీ కంప్యూటర్ రమ్మీ ఆడుమంటాంది?"

జరిగింది చెప్పాను.

"పచ్చగుంటె ఒత్తుడేనా? జిందగంత లైబ్రరీల గూసున్నదానివి, నువ్వే గిట్ల జేస్తె మా బడి పిల్లలను నేనేమనాలె?"

"అను. నీ మాట వాళ్లు ఇంటరా?"

"వాళ్లే నయం. మా బడి కంప్యూటర్లకు ఇదే రోగం వస్తది. వైరసంటరు గని, గంత పెద్దదేం గాదు. మన బ్రౌజర్‌ను గుంజుకపోయి వాళ్ల అంగడి ముంగట నిలవెడ్తది, గంతే."

"ఫార్మాట్ చెయ్యకుంట పోతదా?"

"చూద్దాం. నువ్వు ఛాయ్ పెట్టు ముందుగాల."

టీ పెట్టి వచ్చి పక్కన కూర్చున్నాను. కంప్యూటర్‌లో ఉన్న ప్రోగ్రాములన్నీ ఒక పట్టికగా తెరిచి, వాటిని ఎక్కించిన తేదీ వరసన పెట్టింది. నేను ఫాంటు కోసం తంటాలు పడ్డ రోజున ఫాంటు మార్చేది ఒక్కటే రాలేదు. దానితోపాటు వెతకడంలో సాయం చేస్తానని ఒకటి, కంప్యూటర్‌ను పరుగెత్తిస్తానని ఇంకొకటి వచ్చి కూర్చున్నాయి. ఆ "నెక్స్ట్" పెట్టెల్లో చిన్న అక్షరాల పక్కన ముందే టిక్కు పెట్టి ఉంచుతారట. మనమే తీసేయాలట. మూడింటినీ తీసేసింది. చివరిది పోయే ముందు, నిజంగా వద్దా, ఇంకొన్నాళ్లు ఉచితంగా ఉంచుకోండి అని ఒక పెట్టె లేపింది. ఉంచు అనేది పెద్ద బటన్. తీసేయి అనేది ఓ మూలన బూడిద రంగులో.

"సూడు, పోనీకి ఎట్ల ఏడుస్తాందో" అంది ఆడబిడ్డ.

తరువాత బ్రౌజర్ లోపలికి పోయి, దానికి అంటుకున్న భూతద్దం బొమ్మ ఎక్స్‌టెన్షన్‌ను తొలగించింది. మూలన లేచే ఎర్ర పెట్టెకు అనుమతి ఇచ్చింది కూడా నేనేనట. దాన్నీ రద్దు చేసింది.

"ఇగ రీసెట్ కొడ్త. సెట్టింగులన్నీ మొదట్ల ఎట్లుండెనో గట్ల అయితయ్."

"జర ఆగు" అన్నాను.

"ఏమైంది?"

"మీ అన్న పెట్టుకున్న పేజీ. రీసెట్ కొడితె దాని అడ్రసు కూడ పోతదేమో."

ఆమె చెయ్యి మౌస్ మీద ఆగింది. "ఫోన్ల ఇంక వేరే దొరుకుతయ్ గద వదినె" అని మెల్లగా అంది.

"దొరుకుతయ్."

ఆమె రీసెట్ పేజీ మూసి, హిస్టరీ తెరిచింది. బ్రౌజర్ ఏ రోజు ఏ పేజీకి పోయిందో అందులో ఉంటుంది. పైనంతా రమ్మీ, అప్పులు. కిందికి పోతూ ఫాంటు రోజును దాటాం. అక్కడి నుంచి ప్రశాంతంగా ఉంది. రోజుకు ఒకటే వరస. పొద్దున, ఒకే పేజీ. ఇంకా కిందికి పోయినా అంతే. ఆయన పోకముందు రోజులదాకా పొమ్మన్నాను.

"గంత వెనక్కి ఉండదు వదినె. మూడు నెలలే ఉంచుకుంటది. గివన్నీ నువ్వు తెరిచినయే."

కాసేపు చూశాను. ఆయన జాడ ఏదో ఆ పెట్టెలో ఉందని, దాన్ని పోగొట్టుకుంటానని ఇన్ని రోజులూ దిగులు పడ్డాను. అది ఎప్పుడో పోయింది. ఇక్కడున్నవి నా పొద్దున్నలు. బాధ కలుగుతుందేమో అనుకున్నాను. కలగలేదు. కిటికీలోంచి ఎండ తెర మీద పడుతోంది. ఆడబిడ్డ లేచి కర్టెన్ లాగి, ఆ అడ్రసును ఫోన్‌లో నాకూ పంపి, తనూ దాచుకుంది.

రీసెట్ కొట్టింది. బ్రౌజర్ మూసి, తెర మీది బొమ్మ నొక్కి తెరిచింది. రమ్మీ.

ఆమె కళ్లద్దాలు తీసి తుడుచుకుంది.

"వీని..." అని, నేను పక్కన ఉన్నానని ఆగింది.

"అను, పర్వాలేదు."

"అన్నీ పీకినం. ఇగ యాడ కూసున్నట్టు?" అని, మళ్లీ తనే "ఆఁ" అంది. మనం నొక్కే బొమ్మ మీదే మౌస్ కుడివైపు నొక్కి దాని వివరాలు తెరిచింది. బ్రౌజర్ ఎక్కడుందో చెప్పే ఆ గీత చివరన రమ్మీ పేజీ అడ్రసు తోకలా తగిలించి ఉంది. ఇల్లంతా ఊడ్చినా గడపలో కూర్చున్నట్టు. తోకను మాత్రం చెరిపేసి ఓకే నొక్కింది.

ఈసారి తెల్లగా, ఖాళీగా తెరుచుకుంది. అడ్రసు వేసి, తెరవగానే రావలసిన పేజీ ఇదే అని పెట్టింది. మూసి తెరిచింది. పైన ఆల్మట్టి, దాని కింద నారాయణపూర్.

రీసెట్‌తో అక్షరాలు చిన్నవైపోయాయి. ఆయన పెట్టుకున్నంత పెద్దవి చేయబోయింది. ఒక మెట్టు ముందే చాలన్నాను. నాకు అక్కడికే కనబడుతున్నాయి.

ఆ తరువాత యాంటీవైరస్‌తో ఒకసారి అంతా వెతికించింది. పెన్షన్ చూసుకునే బ్యాంకు పాస్‌వర్డు కూడా మార్పించింది. నేను నేర్చుకున్నది కొద్దిగానే. పచ్చ బటన్ ఎంత పెద్దదైతే అంత అనుమానించడం. ఏదైనా దింపుకోవాలంటే దాన్ని తయారుచేసినవాళ్ల పేజీకే పోవడం. పెట్టెలో రాసి ఉన్నది పుస్తకం చదివినట్టు చదవడం, ముందే పెట్టిన టిక్కులు తీసేయడం. వైరస్ ఉందని బెదిరించే పేజీ చెప్పిన నంబరుకు ఫోన్ చేయకపోవడం. పేజీ ఏదైనా నోటిఫికేషన్లు పంపనా అంటే వద్దనడం.

కార్డులు వచ్చాయి. నాలుగు వాక్యాలూ నేను రాసినట్టే ఉన్నాయి. మూలన మాత్రం చిన్న దీపం బొమ్మ. భాయ్‌ని అడిగితే "గంతన్న ఉండనీ అమ్మా" అన్నాడు. ఉండనిచ్చాను. వచ్చినవాళ్లంతా కడుపునిండా తిన్నారు. ఆడబిడ్డ రెండు రోజులుండి మక్తల్ పోయింది.

ఆ వారంలోనే ఒక పొద్దున టీ తాగి కంప్యూటర్ తెరిచాను. పట్టికలో జూరాల దగ్గర కిందికి వదిలే నీళ్లు ముందురోజు కంటే బాగా పెరిగి ఉన్నాయి. ఫోన్ తీసి ఆడబిడ్డకు కలిపాను. బడికి పోయే తొందరలో ఉన్నట్టుంది.

"ఏం వదినె, పొద్దుగాలనే?"

"మీ గేట్లు లేపిన్రు గద."

"గది నేను చెప్పాలె వదినె! మా ఊరి ముచ్చట మాకే చెప్తున్నవా?"

"మీరు చెప్పేదాక ఆగితె ఎట్ల? కుండలు కడిగి పెట్టిన, తోలుండ్రి" అన్నాను.