మెల్లగా మాట్లాడడం రాని రాజవ్వ

నిన్న కరెంటు పోయింది. మా గల్లీలో మగ్గాలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. సూరత్‌లో ఇన్నేళ్ళు బతికినా ఆ మోత ఆగితే నాకు ఒళ్ళు చల్లబడుతుంది. మా ఆయన నర్సయ్య తన ప్రాణం తానే తీసుకున్నాడన్న కబురు వచ్చినప్పుడు కూడా గల్లీ ఇట్లాగే మూగబోయి ఉంది. పొద్దున ఛాయ్‌లో చక్కెర ఎక్కువైందని నవ్వి కార్ఖానాకు వెళ్ళిన మనిషి. నేను ఆ నవ్వు దగ్గరే ఆగిపోయాను. ఏడుపు కూడా రాలేదు.

చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలిగించరు, ఇరుగుపొరుగు అన్నం తెస్తారు. మాకూ తెచ్చారు, కానీ గిన్నెలు గడప అవతలే పెట్టి, గుసగుసలాడి పోయారు. మా బావ నా చెవిలో, "గుండె ఆగిందని చెప్పు. పిల్లకు గూడ గదే చెప్పు" అన్నాడు. అట్లాగే చెప్పాను.

పక్కింటి రాజవ్వ ఒక్కతే లోపలికి వచ్చింది. ఏళ్ళ తరబడి మగ్గాల మోత మధ్య నూలు కండెలు చుట్టి చెవులు సగం పోగొట్టుకున్న మనిషి. మెల్లగా మాట్లాడడం ఆమెకు రాదు.

"పిల్లకు ఏం జెప్పినవే?"

"గుండె..."

"ఏంది? గట్టిగ చెప్పు, ఇనబడ్తలేదు!"

గల్లీ అంతా వింటోంది.

"నా కొడుకు గూడ గిట్లనే పోయిండు" అంది రాజవ్వ, అదే గొంతుతో. "జరమొచ్చి పోయిండని అందరికి చెప్పిన. ఎవలన్న అడుగుతరని వాని పేరెత్తుడే బంద్ చేసిన. వాడు రెండుసార్లు సచ్చిండు బిడ్డా."

కొన్ని రోజులకు, ఆమె పక్కన కూర్చుంటేనే నా బిడ్డ కావ్యకు నిజం చెప్పగలిగాను. కావ్య నేలచూపులు చూస్తూ అంది: "నాకు మాలూమ్ మమ్మీ. స్కూల్ల అందరు అన్నరు. నేను పప్పాతోని ఝగడా చేసిన కదా, గందుకేనా?"

నా గుండె నిజంగా ఆగినట్టయింది. ఇన్ని రోజులూ ఇంత పిల్ల ఈ మాటను లోపల పెట్టుకుని తిరిగిందా?

"కాదే పిచ్చిదానా!" అని రాజవ్వ అరిచింది. "మీ నాయినకు లోపల బీమారుండె, మనకు కనబడలే. నీతోని అయింది కాదు, మీ అమ్మతోని కాదు. మళ్ళ గట్ల అనిపిస్తే నా తలుపు గుద్దు. మెల్లగ కొడితే ఇనబడదు!"

కావ్య ఏడుస్తూనే నవ్వింది.

రాజవ్వ ఇప్పుడు లేదు. మా ఆయన ఎందుకు పోయాడో నాకింకా తెలియదు. నిన్న ఆ నిశ్శబ్దంలో కావ్య నన్ను చూసి, "మమ్మీ, ఠీక్ హై నా?" అంది.

"లేదు బిడ్డా, జర నా దగ్గర కూసో" అన్నాను, గల్లీ అంతా వినేటట్టు.