పెద్దమ్మ ఆకు, నా నలభై డిగ్రీలు

మా పెద్దమ్మను వీధిలో అందరూ ఆకు పెద్దమ్మ అనేవాళ్ళు. ఏ మాటకామాట చెప్పుకోవాలి, ఆవిడకి వైద్యం రాదు. జ్వరమంటే మాత్ర వేసుకోమనేది, దగ్గంటే ఆసుపత్రికి పొమ్మనేది. ఆవిడకి తెలిసింది ఒకటే ఆకు, దానితో ఒకటే పని. రోజంతా నీళ్ళలో నానే కాళ్ళకి వేళ్ళ మధ్య ఒరిసి, చీము పట్టి, ఎంతకీ మానని పుండు పడుతుంది చూడండి, దానికి ఆ ఆకు నూరి కట్టు కట్టేది. బట్టలుతికేవాళ్ళు, కార్లు కడిగేవాళ్ళు, హోటల్లో గిన్నెలు తోమే ఆడవాళ్ళు వచ్చి వెనక గుమ్మం మెట్టు మీద కూర్చునేవాళ్ళు. పెద్దావిడ ముందు కాలు చాపడానికి మొహమాటపడితే కసిరేది. మూడు రోజులు వచ్చి కట్టు కట్టించుకుని నాలుగో రోజు మానేసేవాళ్ళు. మానిపోయాక మళ్ళీ ఎందుకొస్తారు? మనిషి కనబడకపోవడమే ఆవిడకి శుభవార్త.

ఆ తీగ వెనక గోడ మీద ఉండేది. పెదనాన్న వాళ్ళమ్మ తెచ్చి పాకించిందట. ఆకు కోయడం పెదనాన్న వంతు, నూరడం పెద్దమ్మ వంతు. ఆయన టైపు మిషన్లు బాగుచేసేవాడు, అవి మూలపడ్డాక తాళాలు బాగుచేశాడు. మాట పొదుపు. ఎవరైనా ఏమైనా ఇవ్వబోతే "ఆకు గోడది, మాది కాదు" అని లోపలికి వెళ్ళిపోయేవాడు. వాళ్ళకి పిల్లల్లేరు. మా అమ్మకీ నాన్నకీ షిఫ్టుల ఉద్యోగాలు కావడంతో నేను ఆ ఇంట్లోనే పెరిగాను. నా లెక్కల నోటు పుస్తకాలకి అట్టలు వేసింది పెదనాన్న, నాకు జ్వరమొస్తే తెల్లార్లూ కూర్చున్నది పెద్దమ్మ. ఇంత చేసినవాళ్ళకి నేనేం చేశానో చెప్పడానికే ఇదంతా.

నేను మందు మొక్కల పరిశోధనశాలలో టెక్నీషియన్ని. ఆకులో ఏముందో తెలియాలంటే ముందు దాన్ని విడగొట్టాలి. ఎండిన ఆకు పొడిని మిథనాల్‌లో మూడు రోజులు నానబెట్టి వడగడతాం. ఆ ద్రావకాన్ని ఎగరగొడితే అడుగున చిక్కటి సారం మిగులుతుంది. నిలువు గాజు గొట్టంలో తెల్లటి సిలికా పొడి దట్టించి, దాని నెత్తిన ఈ సారం వేసి, పైనుంచి ద్రావకం పోస్తూ ఉంటాం. ఆ గొట్టాన్నే కాలమ్ అంటాం. సారంలో ఉన్న పదార్థాలన్నీ ఒక్క వేగంతో దిగవు. ఒకే ఇంట్లోంచి బయల్దేరినా, దారిలో ప్రతి తెలిసినవాడి దగ్గరా ఆగి కబుర్లాడేవాడు ఆఖర్న చేరతాడు కదా, అలాగే సిలికాను గట్టిగా పట్టుకునే పదార్థం వెనకబడుతుంది, పట్టనిది ముందే కిందికి జారుతుంది. వచ్చినదాన్ని వచ్చినట్టు వరసగా చిన్న గొట్టాల్లో పట్టి, ఏ గొట్టంలోది సూక్ష్మజీవుల్ని చంపుతుందో చూస్తాం. ఇంట్లోవాళ్ళు నన్ను ట్యూబుల డాక్టరని ఏడిపించేవాళ్ళు. పెద్దమ్మ ఒక్కతే ఆ మాట నిజంగా అనేది.

ఒక ఆదివారం నేను ఎవరో తెచ్చిన వేరులో ఏం దొరికిందో గొప్పలు పోతుంటే పెదనాన్న తాళం చెవి అరగదీయడం ఆపాడు. "మన గోడ తీగ సంగతి కూడా చూడరాదూ, మా అమ్మ ఊరికే పాకించలేదనుకుంటా" అన్నాడు. పుట్టి బుద్ధెరిగాక ఆయన నన్ను అడిగింది అదొక్కటే. వారం రోజులు ఆకు కోసి, వసారా నీడలో గుడ్డ పరిచి ఎండబెట్టాడు. పెద్దమ్మ దాన్ని రెండు డబ్బాల్లో పెట్టి ఇస్తూ ఒక జాగ్రత్త చెప్పింది.

"దీనికి వేడి తగలకూడదు నాన్నా. నేను గోరువెచ్చటి నీళ్ళు కూడా పోయను."

అలాగేలే అన్నాను. మా ల్యాబులో ద్రావకం ఎగరగొట్టే ఫ్లాస్కు నీళ్ళ తొట్టిలో గిరగిరా తిరుగుతుంది. ఆ నీళ్ళ వేడి నలభై డిగ్రీలు దాటకూడదన్నది మాకు పలకా బలపం నాటి పాఠం. పెద్దమ్మ చెప్పిందీ, నేను చదువుకున్నదీ ఒక్కటే. అయినా ఆవిడ చెబుతుంటే ముసిముసిగా నవ్వుకున్నాను, ఎంత పొగరో చూడండి.

మా మేడమ్, అంటే ల్యాబు పెద్ద, ఒప్పుకుంది కానీ ల్యాబు జాబితాలో ఉన్న పనులన్నీ అయ్యాకే చేసుకోమంది. దాంతో అది అందరి పనులూ అయ్యాక మిగిలే పనైంది. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు. నాకు మా పెరటి తీగ పనిగానే అనిపించలేదు. పరాయివాళ్ళ వేరుకి నలభై, మనవాళ్ళ ఆకుకి ఎంతైనా పరవాలేదు.

శుక్రవారం సాయంత్రం. కింద మా ఫ్రెండు బండి మీద కూర్చుని హారన్ మోగిస్తున్నాడు, సినిమాకి టైమైపోతోందని. నలభైలో పెడితే ఇంకో రెండు గంటలు పడుతుంది. మీట ఎనభైకి తిప్పేసి, ఒక టీ తాగొద్దామని దిగాను. వచ్చేసరికి ఫ్లాస్కు ఎప్పుడో ఎండిపోయి ఉంది. అడుగున నల్లగా అంటుకుపోయింది, మూత తీస్తే మాడిన చక్కెర వాసన. నాకు ఆ క్షణంలోనే తెలిసింది. తర్వాతెప్పుడో తెలిసింది కాదు, అప్పుడే, ఫ్లాస్కు చేతిలో ఉండగానే తెలిసింది. రెండో డబ్బా నిండుగా ఉంది, మళ్ళీ నానబెట్టుకోవచ్చు. కానీ మళ్ళీ అంటే ఇంకో వారం. నేను ల్యాబు రికార్డు పుస్తకంలో 'నలభై డిగ్రీలు' అని రాసి, డబ్బా తీసుకెళ్ళి కోల్డు రూములో వెనక అరలో పెట్టి, సినిమాకి పోయాను. ఆ సినిమా కథ ఇప్పుడు ఒక్క ముక్క గుర్తులేదు.

సోమవారం ఆ నల్లముద్దనే కాలమ్ మీద వేశాను. ఏం వస్తుంది? గొట్టాల్లోవి సిలికా పూసిన ప్లేటు అడుగున పెట్టి ద్రావకంలో నిలబెడితే, చుక్కలు విడివిడిగా పైకెక్కాల్సింది పోయి, కింది నుంచి పైదాకా మసి పూసినట్టు ఒక చార. సూక్ష్మజీవుల్ని పెంచే గిన్నెలో, ఆ గొట్టాల్లోవి పీల్చిన ఏ కాగితపు బిళ్ళ చుట్టూ అవి చావలేదు. పని చేసే పదార్థం లేదని రాశాను, మేడమ్ సంతకం పెట్టింది.

ఆదివారం వెళ్ళి, ఏమీ లేదు పెద్దమ్మా అన్నాను. ఆవిడ నాతో పోట్లాడుతుందనుకున్నాను. నీ మిషనుకేం తెలుసు, నా చేతికి తెలుసు అంటుందనుకున్నాను. అని ఉంటే బహుశా నిజం చెప్పేసేవాణ్ణి, లేకపోతే ఇలా అనుకోవడం కూడా నాకో సాకేమో. ఆవిడ ఒకటే అడిగింది, బాగా చూశావా అని. చూశానన్నాను. పెదనాన్న మాత్రం, మరి మానిన పుళ్ళ సంగతేమిటని నెమ్మదిగా అడిగాడు. నేను పాఠం చెప్పాను. రోజూ శుభ్రంగా కడిగి, మూడు రోజులు కట్టు కట్టి, కాలు తడవకుండా ఉంచితే అదే మానుతుంది అన్నాను. అది అబద్ధం కూడా కాదు, అదే దాని దరిద్రం. సగం నిజం చేతిలో ఉంటే అబద్ధం ఎంత ధీమాగా చెప్పొచ్చో ఆ రోజు నేర్చుకున్నాను.

మర్నాటి నుంచి మెట్టు మీదికి వచ్చినవాళ్ళని ఆవిడ వెనక్కి పంపడం మొదలుపెట్టింది. మా అబ్బాయి చూశాడు, దీన్లో ఏమీ లేదట, డాక్టరుకి చూపించుకోండి అనేది. నలభై ఏళ్ళ తన చేతికన్నా నా మూడు రోజుల కాలమ్ ఎక్కువైపోయింది ఆవిడకి. అక్కడితో ఆగినా బాగుండేది. ఆగలేదు. మొగుడూ పెళ్ళాం ఇద్దరూ చెప్పులేసుకుని, గతంలో కట్టు కట్టించుకున్న వాళ్ళలో గుర్తున్నవాళ్ళ ఇళ్ళకి వెళ్ళడం మొదలుపెట్టారు. లేని మందు ఉందని చెప్పాం, తెలియక చెప్పాం, ఏమీ అనుకోకండి అని. చాలామంది నవ్వారట. నా కాలు మానింది, అందులో ఏముంటే నాకేం, కూర్చోండి, టీ తాగండి అన్నారట. ఒకింట్లో మాత్రం నవ్వలేదు. బట్టలుతికే ఆయన ఒకడు రెండు నెలలు ఆకు కట్టించుకుని, ఆఖరికి ఆసుపత్రికి పోతే పాదం తీసేశారు. ఆయన కొడుకు గుమ్మంలోనే నిలబెట్టి, మీ ఆకు నమ్ముకునే కదా మేం ఆలస్యం చేశాం అన్నాడట. ఆ మాట ఆకులో మందు ఉన్నా నిజం కావచ్చు, లేకపోయినా నిజం కావచ్చు. కానీ ఆ సాయంత్రం పెదనాన్న ఇంటికొచ్చి, గోడ మీది తీగని వేళ్ళతో సహా పీకేశాడు. తర్వాత ఆయన ఎవరింటికీ వెళ్ళలేదు.

మూడో ఏడు ఆయన పోయాడు. పోయే వారం ముందు ఆసుపత్రికి నన్ను పిలిపించాడు. మంచం పక్కన కూర్చుంటే నా మణికట్టు పట్టుకుని రెండుసార్లు ఏదో అడగబోయి ఆగాడు. చివరికి "మా అమ్మ కావాలని మోసం చేసే మనిషి కాదురా" అన్నాడు. నోరు విప్పడానికి అంతకన్నా మంచి సమయం దొరకదు. దొంగకి తేలు కుట్టినట్టు కిక్కురుమనకుండా కూర్చున్నాను. నర్సు వచ్చి టైమైపోయింది లేవమంటే, హమ్మయ్య అనుకున్నాను. అనుకున్నాను కాబట్టే చెబుతున్నాను.

ఆకు మాడ్చి ఇప్పటికి ఏడేళ్ళు. పోయిన నెల కోల్డు రూము మిషను మారుస్తున్నామని పాత సామానంతా ఖాళీ చేయమన్నారు. వెనక అరలో ఆ రెండో డబ్బా ఉంది. మూత మీద పెద్దమ్మ దారంతో కట్టిన ముడి కూడా ఊడలేదు. పారేయమన్న గుట్టలోనే పెట్టాను, రెండడుగులు వేసి మళ్ళీ తీసుకున్నాను. ఈసారి ఆకు మళ్ళీ నానబెట్టి, నలభైలో పెట్టి, తొట్టి ముందు స్టూలు వేసుకుని రెండున్నర గంటలు కదలకుండా కూర్చున్నాను. పదిహేడో గొట్టంలోది ప్లేటు మీద చుక్క పెట్టి, రంగొచ్చే మందు కొట్టి, వేడిచేస్తే నేరేడు రంగులో ఒక్కటే చుక్క తేలింది, గుండ్రంగా, శుభ్రంగా. మర్నాడు గిన్నెలో దాని బిళ్ళ చుట్టూ గోరంత వెడల్పున సూక్ష్మజీవులు లేని ఖాళీ వలయం. దాన్ని చూసి సంతోషించాల్సిన వృత్తి నాది. గిన్నె పట్టుకుని మేడమ్ గదికి నడిచాను.

మేడమ్ చూసి, గిన్నెలో చంపినదల్లా మందు కాదనుకో, కానీ ఏదో ఉంది అంది. పాత పుస్తకం తెప్పించి, అప్పుడెందుకు రాలేదని అడిగింది. ఎనభై మేడమ్, నలభై అని రాశాను అన్నాను. ఆవిడ కేకలేయలేదు. నా చేత్తోనే కొట్టేయించి, పక్కన నిజం రాయించి, ఇవాళ్టి తేదీ వేయించింది. కాగితం మీద దిద్దడానికి అర నిమిషం పట్టింది.

నేరుగా పెద్దమ్మ ఇంటికి వెళ్ళాను. వెనక మెట్టు మీద కూర్చుని ఉతికిన దుప్పటి మడతపెడుతోంది. రెండో కొస నాకిచ్చింది. మడతపెడుతూనే చెప్పాను, నీ ఆకులో ఉంది పెద్దమ్మా అని. ఆవిడ చేతిలో కొస జారిపోయింది. ఎంతుంది, ఎలా కనబడింది అని అడిగి, వలయం ఎంత వెడల్పో నా గోరు మీద చూపించమంది. చూపిస్తే ఆ వేలు రెండు చేతులతో పట్టుకుని ఏడ్చింది, ఏడుస్తూనే నవ్వింది. చెప్పులెక్కడున్నాయో చూడు, ముందు ఆ పాదం పోయిన ఆయన ఇంటికి వెళ్ళొద్దాం, వాళ్ళు తిట్టినా సరే అంది. ఆ తర్వాత నా తల నిమిరింది.

"మేమే వదిలేశాం. నువ్వు మాత్రం ఏడేళ్ళు వదలకుండా చూశావు నాన్నా."

అక్కడితో ఊరుకుంటే నేను ఆ ఇంట్లో దేవుణ్ణి. నోరు తెరవకుండా ఉండటం నాకు బాగా అలవాటైన పనే. కానీ ఆ చెయ్యి తల మీద ఉండగా ఈసారి కుదరలేదు.

"నేను చూడలేదు పెద్దమ్మా. మొదటిసారి వేడి ఎక్కువ పెట్టి మాడ్చేశాను. మాడిందాన్నే చూసి ఏమీ లేదని చెప్పాను."

చెయ్యి తీసేయలేదు. అలాగే ఉంచి అడిగింది, మాడిపోయిందని నీకెప్పుడు తెలిసిందని. ఈమధ్యే అనొచ్చు, ఆవిడ నమ్మేది.

"ఆ రోజే తెలుసు."

ఆవిడ చెయ్యి నెమ్మదిగా తన ఒళ్ళోకి వెళ్ళిపోయింది. గోడ వైపు చూస్తూ కూర్చుంది. తిడుతుందేమోనని ఎదురుచూశాను, నిజానికి తిట్టమని లోలోపల బతిమాలుకున్నాను. తిట్టలేదు. ఎప్పుడూ మాట్లాడే గొంతుతోనే చెప్పింది.

"మీ పెదనాన్న ఆసుపత్రికి నిన్ను పిలిపించింది ఎందుకనుకున్నావు? ఇంకొక్కసారి చూడమని నిన్ను అడుగుతానన్నాడు. నేనే వద్దన్నాను. పిల్లాడు అంత కష్టపడి చూశాడు, నమ్మలేదని చిన్నబుచ్చుకుంటాడు, అడక్కు అని ఒట్టు వేయించుకున్నాను."